ఉత్తరాలమ్మ దిద్దిన నాలుగు వాక్యాలు

యూనివర్సిటీ ఆఫీసులో మెట్ల కింద ఒక గది ఉంది. కిటికీకి సగం దాకా ఫైళ్ళు పేర్చి ఉండటంతో పగలు కూడా ట్యూబ్‌లైటు వెయ్యాల్సిందే. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో కూర్చున్న గుమాస్తాని పిల్లలు ఉత్తరాలమ్మ అంటారు. ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. మొగుడు కూడా సరదా పుడితే, "ఏమోయ్ ఉత్తరాలమ్మా, నాకూ ఒకటి రాసిపెట్టకూడదూ?" అంటాడు.

దాతలు ఇచ్చే స్కాలర్‌షిప్పులు చూసుకోవడం ఆమె పని. సాయం అందుకునే ప్రతి విద్యార్థీ ఏటా తన దాతకు సొంత దస్తూరితో కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాయాలి. ఉత్తరం వెళ్ళకపోతే మరుసటి ఏడు సాయం రాదు. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, ఆకలిగొన్న వాడి చేత ముందు దండం పెట్టించుకుని తర్వాత కంచం పెట్టే రకం మనిషై ఉంటాడు.

క్లాసులో అందరికంటే ముందుండే పిల్లలు కూడా ఈ ఉత్తరం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నమిలేవారు. 'గౌరవనీయులైన అయ్యగారికి' అని రాసి పెన్ను కొరుకుతూ కూర్చునేవారు. ఉత్తరాలమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, చిలక్కి చెప్పినట్టు చెప్పేది. 'మీరు చేసిన మేలు ఈ జన్మలో మరువను' అని మొదలు. మధ్యలో ఇంటి సంగతి రెండు ముక్కలు. 'మీ చల్లని చెయ్యి నా తల మీద ఉన్నంతకాలం నాకు దిగుల్లేదు' అని చివర. పిల్లలు చూసి రాసుకుని, బతుకుజీవుడా అనుకుంటూ క్యాంటీన్‌కి పోయేవారు.

ఆమె అంత ఆరాటపడటానికి కారణం లేకపోలేదు. డిగ్రీ రెండో ఏడులో ఆమెకీ ఒక దాత సాయం ఉండేది. ఉత్తరం రాయాల్సిన వారంలోనే తండ్రి పోయాడు. రాయలేదు. సాయం ఆగింది, చదువూ ఆగింది. ఇదే ఆఫీసులో ఉద్యోగం దొరికాక పాత ఫైలు వెతికి చూసుకుంటే, తన దరఖాస్తు మీద ఎర్ర సిరాతో 'కృతజ్ఞత లేని విద్యార్థిని' అని రాసి ఉంది. ఆ రోజు బాత్రూములో గడియ పెట్టుకుని ఏడ్చింది. ఏ పిల్ల ఫైలు మీదా ఆ మాట పడనివ్వకూడదనుకుంది. పడనివ్వలేదు కూడా.

ఈ ఉత్తరాలు అందుకునే దాతల్లో ఒక ముసలాయన ఉండేవాడు. ప్రింటింగ్ ప్రెస్ యజమాని. పోయిన భార్య పేరు మీద ఏటా ఒక పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ ఇచ్చేవాడు. నిరుడు ఆయనా పోయాడు. ఫెలోషిప్ బాధ్యత కూతురికి వచ్చింది. ఆవిడ డాక్టరు. తండ్రి బీరువా సర్దుతుంటే పదకొండేళ్ళ ఉత్తరాలు బయటపడ్డాయట, అన్నీ వరసగా చదివిందట. వెంటనే ఆఫీసుకి కబురు వచ్చింది.

"మా నాన్న కొత్త ఉత్తరం వస్తే కొన్నాళ్ళు దిండు కింద పెట్టుకునేవాడు," అని రాసింది డాక్టరమ్మ. "దస్తూరీలు వేరు, మాటలు మాత్రం ఒక్కరివే. పదకొండేళ్ళు ఆయన్ని మోసం చేశారు. ఇప్పుడు చదువుతున్న అమ్మాయి తన మాటల్లో నిజం రాసి పంపితే ఆలోచిస్తాను. లేకపోతే ఇక్కడితో ఆపేస్తాను."

ఆ అమ్మాయి ఎవరో ఉత్తరాలమ్మకు బాగా తెలుసు. అందరూ మట్టిపిల్ల అంటారు. ఉప్పుబట్టి చచ్చిపోయిన నేలలో మళ్ళీ మొలక రప్పించడం మీద పరిశోధన. గోళ్ళలో ఎప్పుడూ మట్టే. ల్యాబులో నూటనలభై సీసాల్లో మట్టి పెట్టుకుని, మూడేళ్ళుగా వారం తప్పకుండా పరీక్ష చేస్తోంది. ఇంకొక్క ఏడు మిగిలింది. మధ్యలో ఆపితే ఆ మట్టి ఎందుకూ పనికిరాదు. ఆ పిల్ల వెనకాల నిలబడేవాళ్ళూ లేరు.

మట్టిపిల్ల మర్నాడే ఉత్తరం రాసి తెచ్చింది. ఉత్తరాలమ్మ చదివింది.

'మీ నాన్నగారి గురించి నాకేమీ తెలియదు. ఏటా కృతజ్ఞత చూపించమంటే ఒళ్ళు మండుతుంది. నా చదువు ఒకరి దయ మీద ఉందని గుర్తుచేసుకోవడం సిగ్గుగా ఉంటుంది. అయినా సీసాలో మొదటిసారి మొలక వచ్చిన రోజు మాత్రం, ఎవరో తెలియని ఆ ముసలాయనకు చూపించాలనిపించింది.'

తర్వాత మట్టి గురించి ఒక పేజీ.

ఉత్తరాలమ్మ రెండో వాక్యం మీద వేలు పెట్టింది. "ఒళ్ళు మండుతుందని రాస్తావుటే! డబ్బిచ్చేవాళ్ళకి?"

"నిజమే రాయమన్నారుగా అమ్మా."

"నిజం రాయమంటే మొహాన కొట్టినట్టు రాయమనా? కాస్త మెత్తగా చెప్పు తల్లీ. నేను పడ్డాను, నాకు తెలుసు. నా మాట విను."

నాలుగే నాలుగు వాక్యాలు కొట్టేసి, వాటి చోట తన చేతికి అలవాటైన వాక్యాలు నాలుగు రాసింది. మట్టి సంగతి ముట్టుకోలేదు. పిల్ల, పెద్దావిడ మాట కదా అని తిరగరాసి ఇచ్చేసింది. మొదటి కాగితం ఉత్తరాలమ్మ సొరుగులో ఉండిపోయింది.

పది రోజులకి జవాబొచ్చింది. ఒక్కటే ముక్క. 'మళ్ళీ ఆ పాత మాటలే. ఇక చాలు.'

ఉత్తరాలమ్మ సెలవు చీటీ కూడా రాయకుండా డాక్టరమ్మ క్లినిక్‌కి పరుగెత్తింది. రోగుల వరసలో టోకెన్ తీసుకుని కూర్చుంది. వంతు వచ్చాక, "నాకే జబ్బూ లేదమ్మా. తప్పు చేశాను," అంటూ సొరుగులోని కాగితం బల్ల మీద పెట్టింది. "పిల్ల రాసింది ఇదీ. ఆ నాలుగు వాక్యాలూ మార్చింది నేను. ఆ పదకొండేళ్ళూ నేనే. నన్నేమైనా చెయ్యండి, దాని చదువు ఆపకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరమ్మ చదివింది. మొలక దగ్గర ఆగింది, మళ్ళీ మొదట్నుంచి చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నాన్న దీనికోసమే ఎదురుచూశాడు," అంది. "ఇది ముందు పంపాల్సింది. ఫండ్ మొత్తం సోమవారమే ఒక ఆసుపత్రికి రాసేశాం. సంతకాలు అయిపోయాయి. ఇప్పుడు నా చేతుల్లో లేదు."

"ఏ దారీ లేదా అమ్మా?"

"లేదు. వెళ్ళండి. బయట రోగులున్నారు."

ఉత్తరాలమ్మ తిరిగొచ్చేసరికి మట్టిపిల్ల ల్యాబు వెనక పూలమడి దగ్గర ఉంది. ల్యాబు ఖాళీ చెయ్యమన్నారట. సీసా తర్వాత సీసా బోర్లిస్తోంది. కొన్నింట్లో మొలకలు వేలెడు ఎత్తున ఉన్నాయి.

ఉత్తరాలమ్మ ఆ మట్టిలోనే కూలబడింది. జరిగిందంతా చెప్పింది, సొరుగుతో సహా. "నీ కాగితం ఉన్నదున్నట్టు పంపి ఉంటే నీ చదువు నిలిచేదే. నేనే చెడగొట్టాను. తిట్టవే తల్లీ. నాలుగు దులిపెయ్యి. నీ పుణ్యముంటుంది, ఒక్క మాట నీ నోటితో అను."

పిల్ల చేతిలోని సీసా కింద పెట్టింది. చేతులు దులుపుకుని లేచి నిలబడింది. ఆఫీసు గదిలో మొదటి ఏడు ఉత్తరం అప్పగించినప్పుడు నిలబడినట్టే, తల కొంచెం వంచి నిలబడింది.

"మీరు చేసిన మేలు ఈ జన్మలో మరువనమ్మా," అంది. ఒక్క మాట కూడా తడబడలేదు.