బావ వదిలేసిన కొర్రమీను

మొన్న మదనపల్లె చేపల అంగట్లో, నీళ్ల టబ్బులో ఒక కొర్రమీను అదేపనిగా గుండ్రంగా తిరుగుతుంటే కొనకుండా వచ్చేశాను. ఆ పూట ఇంట్లో వంకాయే గతి. అందరూ మూతి ముడుచుకున్నారు. నాకు మా బావ గుర్తొచ్చాడని వాళ్లకేం తెలుసు.

ఎనభైలలో మాట. పుంగనూరు దగ్గర పల్లెలో అక్కకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అక్క ఏడవలేదు, తినలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు మొహంమీదే చెప్పాడు. "దానికి కొర్రమీను పులుసంటే పానం. అదన్నా తింటాదేమో సూడప్పా" అంది అమ్మ, అల్లుడితో. బావ మాటల్లో పిసినారి గానీ గాలం వేయడంలో చుట్టుపక్కల పేరున్నవాడు. మిడతలు పట్టివ్వడానికి నన్ను వెంటబెట్టుకుని కొండమీది కుంటకు పోయాడు. మిడతను కొక్కేనికి గుచ్చి, వెదురుకర్ర చాచి, అది తనంతట తానే నీళ్లమీద పడి కొట్టుకుంటున్నట్టు తాకించి తాకించి ఎత్తేవాడు. నేను దగ్గితే చాలు, గుడ్లురిమేవాడు. పొద్దు వాలిపోతోంది. వట్టి చేతులతో పోతే అక్క ఏమవుతుందోనని నాకు ఒకటే దడ.

ఉన్నట్టుండి నీళ్లు భళ్లుమన్నాయి. బావ మోకాలిలోతు దిగి, దారం తెగకుండా కాస్త వదులుతూ కాస్త లాగుతూ ఒడ్డుకు తెచ్చాడు. మూరెడు చేప. దాని వెనకే నీళ్లు ఎర్రబడ్డాయి. ఎర్రటి చేపపిల్లలు, అగ్గిపుల్లంతేసి, గుంపుగా తల్లికోసం తిరుగుతున్నాయి. ఎర్రపిల్లలు కనిపించినచోట గాలం వేయకూడదని మా వైపు కట్టుబాటు. ఎదురెండ మెరుపులో బావ చూసుకోలేదు.

"ఏం సేసేది పాపా?" అన్నాడు బావ, దారం వదలకుండానే.

"లాగు బావా. అక్క బతకాల."

ఆయన వంగి, కొక్కెం తీసి, చేపను నీళ్లలోకి జార్చాడు. ఇంటిదాకా తిడుతూనే ఉన్నాను.

నేరుగా పోయి అక్క మంచం పక్కన కూలబడ్డాడు. "దొరికింది. దానెనకాల పిల్లలుండాయి. ఇడిసేసినా." బిడ్డ పోయినదాని దగ్గర ఆ మాటేమిటని ఆయన చొక్కా పట్టి లాగాను. అక్క మెల్లగా ఇటు తిరిగింది.

"అన్నీ తల్లికాడికి పోయినాయా?"

"అన్నీ దానెంటే పోయినాయి."

అప్పుడు ఏడ్చింది అక్క, ఆయన చెయ్యి పట్టుకుని, వీధిలోకి వినపడేలా. ఏడ్చి ఏడ్చి, చారన్నం అడిగింది.

ఆ తర్వాత అమ్మ పోయింది, బావ పోయాడు. కాలం మాలో ఒక్కొక్కరినే పట్టుకుపోతూనే ఉంది. ఆ సాయంత్రం మాత్రం అది అక్కను వదిలిపెట్టింది.