మధ్యలో ఆగని ఓడ

నా ఎడమ కనుబొమ్మ మీద రెండు మచ్చలున్నాయి. పైది జమ్మలమడుగులో సాంబారు గరిటె చేసింది. కిందది ప్రొద్దుటూరు నడిబజారులో ఓడ గుద్దుకుని పడింది. ప్రొద్దుటూరులో ఓడేమిటని నవ్వేవాళ్లకు మచ్చ చూపిస్తాను. నేను చెప్పేవాటిలో సగం నేనే నమ్మను గానీ, ఇది కుట్లు పడిన నిజం.

రెండు దెబ్బలూ కొట్టింది ఒక్కడే, మా అక్క మొగుడు. పులివెందులలో అరటితోటల మనిషి. మా ఇద్దరి మధ్యా భూమి తగాదా లేదు, ఓట్ల తగాదా లేదు. నా పెళ్లి మరుసటి రోజు మా ఇంట్లో మాంసం భోజనాలు పెట్టినప్పుడు, పెద్దల్లుడి ఆకులో పడాల్సిన మూలుగ బొమిక నా ఆకులో పడింది. నేను చీకాను. ఆయన నీళ్ల చెంబు నా నెత్తిన విసిరాడు. చెంబు మాదే కదా అని నేను తిరిగి విసిరాను. అప్పటినుంచి ఇద్దరం కలిసి కూర్చున్న ఏ బంతిలోనూ నెత్తురు కారకుండా చేయి కడుక్కున్నది లేదు.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. అల్లుడు అలిగి ఆకు ముందు నుంచి లేస్తే ఆ ఇంటి ఆడపిల్లా లేవాలి. నోట్లో ముద్ద ఉన్నా లేవాలి. చేయి కడుక్కోవడానికి ఆగినా పుట్టింటివైపు మొగ్గినట్టే. అందుకని అక్క ఎంగిలి చేయి కొంగుకు తుడుచుకుంటూ వెళ్లి జీపెక్కేది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మాతో కూర్చుని పెరుగన్నం దాకా తిన్నది లేదు. పప్పు తినేది, ఆ రోజు బాగుంటే చారు. అంతే.

జమ్మలమడుగులో మా పిన్ని కూతురి పెళ్లిలోనూ అదే జరిగింది. బావ ఆకు తోసేసి, వడ్డించేవాడి చేతిలోని గరిటె లాక్కుని నా ముఖం మీద అడ్డంగా కొట్టాడు. సాంబారూ నెత్తురూ కలిసి కళ్లలోకి దిగాయి. నేను గుడ్డిగా ఊపిన పిడికిలికి ఆయన ముందు పన్ను ఊడింది. ఆ పన్ను మూడు వరసలు దాటి పురోహితుడి పాయసంలో పడిందని నేను చెబుతుంటాను. బావ ఆకులోనే పడిందని మా ఆవిడ అంటుంది. ఎక్కడ పడితేనేం, బావ నెత్తురు ఉమ్మి "పదవే!" అన్నాడు. అక్క అప్పుడే చారు కలుపుకుంటోంది. లేచింది.

నా కుట్లు ఆరకముందే ఆమె ప్రొద్దుటూరు వచ్చి, నా స్పేరుపార్టుల కొట్లో స్టూలు మీద కూర్చుంది.

"రేయ్, సముద్రం మీద ఓడలో పోదాం. నువ్వూ నీ పెండ్లామూ, నేనూ మీ బావా."

"కొట్టుకునేదానికి అంత దూరం పోవల్లనా అక్కా? మన పెన్న ఇసక సాలదా?"

"గమ్మునుండు. దుడ్లు నేను పెడతాండా. నా చీటీ దుడ్లు."

వారం తిరక్కముందే నలుగురం టికెట్లమ్మే ఆయన ఆఫీసులో కూర్చున్నాం. బంగారం కొట్టు పైన మేడ మీద చిన్న గది. మేజా మీద మూరెడు పొడవు తెల్లటి బొమ్మ ఓడ. ఆ పెద్దమనిషి రెండు కంపెనీల కాగితాలు పరిచి ఓపికగా చెప్పాడు.

"మొదటి ఓడలో ఐదు రాత్రులు సార్. మూడు రేవుల్లో ఆగుతుంది, దిగి ఊళ్లు చూసి రావచ్చు. గదికి బాల్కనీ ఉంటుంది, తిండీ తాగుడూ అన్నీ టికెట్టులోనే. రెండోది రెండు రాత్రులే. గదికి కిటికీ ఉండదు. కూల్‌డ్రింకు తాగినా విడిగా కట్టాలి. ధర మొదటిదాంట్లో సగం కూడా లేదు గానీ, వచ్చేదాన్ని బట్టి చూసుకుంటే మొదటిదే గిట్టుబాటు."

"మొదటిదే," అన్నాడు బావ. "కిటికీ లేని గదిలో పండుకోడానికి నేనేమన్నా గంప కింద కోడినా?"

నిజానికి నాకూ మొదటిదే నచ్చింది. కానీ ఆయన నోటి నుంచి వచ్చాక అది ఎట్లా నచ్చుతుంది?

"రెండోదే మేలు," అన్నాను. "కండ్లు మూసుకుంటే కిటికీ ఏంది, గోడ ఏంది?"

"నీకేం రా, బోల్టుల డబ్బాలో పుట్టినోడివి!"

"మూడు ఊళ్లు దిగి నువ్వు సేసేదేంది బావా? పులివెందుల దాటితే నీ మొగం సూసి సోడా ఇచ్చేవాడన్నా ఉండాడా?"

ఓడ లేచింది. ముందు కొన నా కనుబొమ్మలో దిగబడి విరిగింది. నేను హెల్మెట్‌తో ఆయన చెవి మీద ఇచ్చాను. ఆయన కుర్చీ ఎత్తితే ఫ్యాను రెక్క వంగింది. నేను మోకాలి మీద తన్నాను. ఆయన నా గొంతు పట్టుకున్నాడు. ఇద్దరం మేజా మీద పడ్డాం, మేజా టికెట్లాయన మీద పడింది. నా నెత్తురు మెట్లు దిగి బంగారం కొట్టు గడప దాటిందని ఊళ్లో చెప్పుకున్నాను. మా ఆవిడ లెక్కలో అది ఒక చేతిరుమాలు.

అక్క కుర్చీలోంచి కదల్లేదు. మేజా పడకముందే దాని మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. మా ఇద్దరికీ ఆయాసం వచ్చి విడిపోయాక, మేజా కింద ఉన్న మనిషిని అడిగింది.

"ఏమప్పా, ఆ రెండో ఓడ యాడన్నా ఆగుతాదా?"

"ఆగదమ్మా. సముద్రంలోకి పోయి మళ్లీ చెన్నైకే వస్తుంది. అదే దాని లోపం."

"మధ్యలో దిగిపోతానంటే?"

"ఎక్కడ దిగుతారమ్మా? చుట్టూ నీళ్లే."

"దాంట్లోనే నాలుగు టికెట్లు రాయి."

"అమ్మా, దానికి పెట్టే డబ్బుకు మీకు వచ్చేదేమీ..."

"మూడు సోట్ల ఆగేదానికి అన్ని దుడ్లు యాలప్పా? ఆగితే ఈయన దిగుతాడు. ఈయన దిగితే నేనూ దిగల్ల. నేను మావోళ్లతో పెరుగన్నం తిని శానా ఏండ్లయింది."

బావ ముక్కు తుడుచుకుంటూ నేల చూశాడు. నేను ఫ్యాను చూశాను.

ఇంటికి పోయాక ఆయన రానని భీష్మించాడు. మా ఆవిడ నన్ను పులివెందుల తరిమింది. తోటలో ఆయన గెల నరికిన చెట్లు పడేస్తున్నాడు. నన్ను చూడగానే అరటి బోదె ఎత్తి వీపున మోదాడు. తడిసిన పరుపుతో కొట్టినట్టుంటుంది. ఎముక విరగదు గానీ ఊపిరి పోతుంది. బురదలో బోర్లా పడి, అక్కడి నుంచే అన్నాను.

"రావద్దులే బావా. పులివెందులాయన సముద్రం సూసి జడుచుకున్యాడని నేను పోతా పోతా వేంపల్లెలో బస్సు దిగి చెప్తా. ఓడ బొమ్మ సూసినా పంచె తడుపుకుంటాండాడని చెప్తా."

నేను చెప్పగలనని ఆయనకు తెలుసు. ఇంకో బోదె దెబ్బ కొట్టాడు. తర్వాత "మీ అక్కను పెట్టె సర్దమను," అన్నాడు.

ఓడలో మొదటి రోజు ఇద్దరికీ వాంతులే. చేతులెత్తే ఓపిక లేదు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల హాల్లో కూర్చున్నాం. హాలుకు గోడ లేదు, అంతా అద్దం. అవతల ఓడ చుట్టూ తిరిగే నడక దారి, దాని అవతల నీళ్లు. అక్క నలుగురికీ తనే వడ్డించుకొచ్చింది. అంతా బాగుంది. నేనే లేచి వెళ్లి, కూర గిన్నెలో వెతికి, మూలుగ బొమిక తెచ్చుకుని, ఆయన వైపు తిరిగి చప్పుడు వచ్చేటట్టు చీకాను.

పిడికిలి నా మూతి మీద పడింది. పై పెదవి చీలింది. నేను ట్రే తీసి ఆయన తల మీద కొట్టాను. పళ్లేలు పగిలాయి, పక్క మేజా దగ్గర ఎవరో కేక పెట్టారు. ఇద్దరు కాపలావాళ్లు పరిగెత్తుకొచ్చారు. మా వైపు బావమరిదిని కొట్టందే బావకు అన్నం అరగదని, ఇది ఆచారమని, నెత్తురు నోటితో వాళ్లను నమ్మించాను.

"పదవే!" అన్నాడు బావ.

అక్క లేచింది. కొంగు పట్టుకుని, చేయి తుడుచుకోబోయి ఆగింది.

"యాడికి?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

ఆయన అద్దంలోంచి బయటికి చూశాడు. ఎటు చూసినా నీళ్లు. కుర్చీని ఒక తన్ను తన్ని ఒక్కడే వెళ్లిపోయాడు. అక్క కూర్చుని పప్పన్నం ముగించింది.

కాసేపటికి ఆయన అద్దం అవతల విసవిసా నడుచుకుంటూ పోయాడు. అక్క చారు కలుపుకుంది. ఓడ చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాడు. ఈసారి మా వైపు చూడనట్టు చూశాడు. అక్క పెరుగు వేసుకుంది. నేను పెదవికి గుడ్డ అదుముకుని, జన్మలో మొదటిసారి ఒక్క మాటా కల్పించకుండా కూర్చున్నాను. మూడోసారి ఆయన నడక కుంటుతోంది, నేను తన్నిన మోకాలే. ఆ తర్వాత తలుపు తోసుకుని వచ్చాడు.

"జరుగు," అన్నాడు నాతో.

జరిగాను. అక్క ఎడమ చేత్తో ఆయనకు అన్నం పెట్టి, మీద పెరుగు వేసింది. తన పళ్లెంలో చివరి ముద్ద నెమ్మదిగా తిని, వేళ్లు నాకింది.

"తింటాండండి. చేయి కడుక్కోని వస్తా," అని లేచింది.

చేతులు కడుక్కునే చోట కుళాయి చాలాసేపు పారింది.