డ్రైవరు తరఫున తీర్పు

మునీశ్వరి డ్రైవర్ల తప్పులు పట్టే ఉద్యోగం చేస్తుందని పుంగనూరులో ఆ వీధికంతా తెలుసు. చాటింది ఆమె అత్త యశోదమ్మే. కోడలు చంటిబిడ్డతో ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, బెంగళూరు కంపెనీ వాళ్లు డ్రైవర్‌లో చేసే మార్పులు చదువుతుంది. బాగుంటే సరేనంటుంది, లేకుంటే వాపసు పంపుతుంది. ఆ డ్రైవర్ మనిషి కాదు, ప్రోగ్రాం. ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరున్నట్టు నడిపించేటప్పుడు, లోపలిదాని రాతల్ని అసలు డిస్కుకు చేర్చేది అదే. కుప్పంలో గ్రానైట్ క్వారీ కూలీకి పుట్టి ఇంజనీరింగ్ దాకా చదివిన మునీశ్వరి ఈ మాట ఓపిగ్గా ఎన్నిసార్లు చెప్పినా ఎవరి తలకూ ఎక్కలేదు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో, అదే కంపెనీలో పనిచేసే మదనపల్లె కుర్రాడు సుదర్శన్ ఒక మార్పు పంపాడు. రాత డిస్కుకు చేరకముందే చేరిందని లోపలి కంప్యూటరుకు చెప్పేస్తే పని మహా జోరుగా సాగుతుందని అతని వాదం. మునీశ్వరి ఒప్పుకోలేదు. మళ్లీ పంపాడు, మళ్లీ వాపసు. ఇక లాభం లేదని, ఆదివారం సొంతూరికి వచ్చినవాడు మైసూర్‌పాకు పొట్లం పట్టుకుని పుంగనూరు బస్సెక్కాడు.

వరండాలో వీళ్ల వాదన ఎదురింటి రెడ్డెప్ప చెవిన పడింది. ఆయన బస్సు డ్రైవర్ల యూనియన్ నాయకుడిగా చేసి రిటైరైన మనిషి. డ్రైవర్‌కు అన్యాయమంటే ఊరుకోడు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"వాని మీద కంప్లయింటు ఏందమ్మా?"

"చేరకముందే చేరినానని చెప్తాడు పెదనాయనా," అంది మునీశ్వరి.

"నేనూ ఒకటి రెండు తూర్లు చెప్పినాలే. బండి యాడుండాది?"

"బండి లేదు. ఆ లోపలి కంప్యూటరు కూడా నిజంగా లేదు, ఉండేట్టు అనిపిస్తాది."

రెడ్డెప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "లేని బండికి యాక్సిడెంటు యాల అవుతాది?"

అది సబబైన ప్రశ్నేనన్నాడు సుదర్శన్. అంత దూరం నుంచి వచ్చిన పిల్లోడు కదా అని యశోదమ్మ మైసూర్‌పాకు నములుతూ వంతపాడింది. డ్రైవర్‌ను పనిలోకి తీసుకోవాల్సిందేనని రెడ్డెప్ప తీర్పు చెప్పాడు.

ఆ తీర్పును తన డ్రైవర్‌తోనే రాయించి చూపిస్తానని సుదర్శన్ ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నాడు. లోపలి కంప్యూటరులో తీర్పంతా టైపు చేసి సేవ్ కొట్టాడు. అయిపోయిందని రెప్పపాటులో తెర మీద పడింది.

"సూడక్కా స్పీడు," అనేలోపు కరెంటు పోయింది.

యుపిఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చాక చూస్తే ఫైలు పేరుంది, లోపల ఒక్క అక్షరం లేదు.

సుదర్శన్ మొహం మాడిపోయింది. "చేరిందని చెప్పింది కదక్కా."

"చెప్పింది," అంది మునీశ్వరి, బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంటూ.

రెడ్డెప్పకు కోపం వచ్చింది, డ్రైవర్ మీద కాదు, కరెంటు మీద. తప్పు డ్రైవర్‌ది కాదని తేల్చి, అదే తీర్పు మళ్లీ చెప్పాడు.

ఈసారి సుదర్శన్ ఆ తీర్పు వినలేదు. రాత నిజంగా డిస్కుకు చేరాకే జవాబిచ్చేలా డ్రైవర్‌ను మార్చాడు. చిన్న చిన్న రాతల్ని కలిపి ఒకేసారి పంపితే జోరు కూడా తగ్గదని మునీశ్వరి దారి చూపింది. పొద్దు వాలేసరికి అంతా చదివి, సరేనని రాసింది.

ఆ మాట వినగానే రెడ్డెప్ప తన తీర్పు నిలబడిందని మురిసిపోయి, సుదర్శన్‌ను బస్టాండు దాకా సాగనంపాడు. మదనపల్లె బస్సు డ్రైవర్‌ను పిలిచి, "మన డ్రైవర్ల కోసం కొట్లాడినోడప్పా ఈయప్ప, ముందర సీటియ్యి," అని చెప్పి మరీ ఎక్కించాడు.