మెర్సీని పెళ్లికి తీసుకెళ్లిన కారు

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. మా నాన్నగారు తెనాలిలో సంఘపెద్ద. పరిశుద్ధాత్మ తప్ప ఇంకే ఆత్మ పేరెత్తినా మా ఇంట్లో వీపు విమానం మోత మోగేది. పైగా నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. నిప్పురవ్వ లేకుండా పెట్రోలు బండి కదలదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఎనభైల మొదట్లో మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. నేను, నా భార్య సుగుణ, సుగుణ చెల్లెలు మెర్సీ. మెర్సీ నర్సు. పెద్దవయసువాళ్లుండే ఒక హాస్పిటల్లో వాల్టర్ గారనే అమెరికన్ ముసలాయన్ని చూసుకునేది. ఆయనకి యాభైల నాటి ఆకుపచ్చ సెడాన్ ఒకటి ఉండేది. దాని ముందు సీటు మా హాల్లో సోఫా కన్నా పొడుగు.

నీ పెళ్లికి నిన్ను ఆ కార్లో చర్చికి నేనే తీసుకెళ్తానని ఆయన మెర్సీకి మాటిచ్చాడు. అప్పటికి తనకి సంబంధమే కుదరలేదు. కుదిరేసరికి ఆయన లేడు. కూతురు కారు అమ్మేస్తానంటే నేను కొన్నాను. మెర్సీ ముచ్చట కోసమని అందరికీ చెప్పాను గానీ, నిజానికి మనసు పారేసుకుంది నేను.

చిక్కల్లా దాని పాతకాలపు ఇగ్నిషన్‌తోనే. డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి డబ్బాలో పాయింట్లని రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి. అవి కలుస్తూ విడిపోతూ ఉంటేనే స్పార్క్ పుడుతుంది. అవి అరిగితే బండి మొండికేస్తుంది. మా కారు ఎర్ర సిగ్నల్ చూస్తే చాలు, అలిగి కూర్చునేది. వెనక హారన్లు, పక్కన సుగుణ. ఏది ఎక్కువ కష్టమో ఇప్పటికీ చెప్పలేను.

మా తెలుగు సంఘానికి అప్పట్లో సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు మధ్యాహ్నం పూట అద్దెకిచ్చేవారు. మెర్సీ పెళ్లి రోజు మా వెంటనే అక్కడ ఇంకో పెళ్లుంది. మేం ఆలస్యమైతే మా పెళ్లి ఆ రోజుకి లేనట్టే. మగపెళ్లివారు అసలే పట్టింపుల మనుషులు. ఆ డొక్కు కార్లో నా చెల్లెల్ని ఎక్కించనని సుగుణ తేల్చి చెప్పింది. దాంట్లో తప్ప ఎక్కనని మెర్సీ. మధ్యలో నేను, పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తాను, ఇక ఆగితే నన్నడగండి అని గొప్పలు పోయాను.

ఆర్డర్ చేసిన కిట్ ఆలస్యంగా వచ్చింది. చివరికి పెళ్లి రోజు పొద్దున గరాజులో కూర్చుని బిగించాల్సి వచ్చింది. పాయింట్ల చోట ఒక నల్ల పెట్టె, షాఫ్టుకి అయస్కాంతాల రింగు, దాని మీద మళ్లీ పాత రోటారే. రోటార్ అంటే బొటనవేలంత ముక్క. డబ్బాలో గిర్రున తిరుగుతూ ఒక్కో సిలిండర్‌కీ స్పార్క్ అందించేది అదే. కిట్‌లో కొత్త రోటార్ రాలేదు. ఉన్నది అదొక్కటే.

తాళం తిప్పితే ఇంజను కుట్టుమిషన్‌లా నడిచింది. అంతటితో ఊరుకుంటే పోయేది. అన్నీ సరిగ్గా కూర్చున్నాయో లేదో ఇంకోసారి చూద్దామని ఇంజను ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటార్ చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే మా పాస్టర్ అయ్యగారు గరాజులోకి వచ్చి, బయల్దేరేముందు ప్రార్థన చేసుకుందామన్నారు.

మా వాళ్లలో ప్రార్థన అన్న మాట వినపడగానే చేతిలో పని వదిలి తల వంచాల్సిందే. రోటార్‌ని చొక్కా జేబులో వేసుకుని చేతులు కట్టుకున్నాను. అయ్యగారు లోకశాంతితో మొదలుపెట్టి, ఖండాలన్నీ చుట్టి, మా కారు టైర్ల దాకా వచ్చేసరికి సుగుణ దగ్గింది. ఆమేన్ అనగానే మూత క్లిప్పులు నొక్కేసి, బానెట్ దించి స్నానానికి పరిగెత్తాను. నూనె మరకల చొక్కా మాసిన బట్టల బుట్టలో పడేశాను.

తెల్ల పట్టుచీరలో, ముసుగుతో మెర్సీ వెనక సీట్లో కూర్చుంది. సుగుణ నా పక్కన. ఒక్కసారికే స్టార్టయింది. ఫ్రీవే ఎక్కాం, దిగాం, దారిలో ఎర్ర సిగ్నళ్లన్నీ పలకరించాయి. కారు ఎక్కడా చిన్న దగ్గు కూడా దగ్గలేదు. సగం దారిలో మెర్సీ ముందుకి వంగింది.

"బావగారూ, విజిల్ వేస్తోంది మీరేనా?"

"నేను కాదు. కొత్త ఇగ్నిషన్ చప్పుడేమో."

"చప్పుడుకి ట్యూన్ కూడా ఉంటుందా?" అంది సుగుణ.

టైముకి ముందే చేరాం. మెర్సీ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది నేనే. పెళ్లి చల్లగా జరిగిపోయింది. బిర్యానీ తింటున్నవాళ్లని ఒక్కొక్కర్నీ ఆపి మరీ ట్రాన్సిస్టర్ల మహిమ వివరించాను. తర్వాత పెళ్లికూతురినీ పెళ్లికొడుకునీ కార్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. స్టార్టర్ ఊరికే తిరిగింది తప్ప ఇంజను అందుకోలేదు. మగపెళ్లివారంతా చూస్తుండగా కొత్త దంపతుల్ని వేరే కార్లో పంపించి, మా కారు అక్కడే వదిలేశాం. తలకొట్టేసినట్టయింది.

మర్నాడు చర్చికి పనిముట్లతో బయల్దేరుతుంటే, ఇంకో చొక్కా పాడుచేయకుండా నిన్నటిదే వేసుకోండని సుగుణ బుట్టలోంచి తీసిచ్చింది. పార్కింగ్ లాట్‌లో బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. లోపల రోటార్ లేదు. ఎవడో కొట్టేశాడనుకుని తిట్టుకుంటూ ముందుకి వంగితే, జేబులో ఏదో గుచ్చుకుంది.

తీసి చూస్తే మా రోటారే. రోటార్ పెట్టాను, వెంటనే స్టార్టయింది. తీసేశాను, బ్యాటరీ నీరసపడేదాకా తిప్పినా కదల్లేదు. తెలిసిన మెకానిక్కులందర్నీ అడిగాను. రోటార్ లేకుండా అసాధ్యం, నువ్వు పొరబడ్డావన్నారు. మరి పెళ్లి రోజంతా ఇంట్లో బుట్టలో ఉన్న చొక్కా సంగతేమిటంటే నవ్వేశారు. సుగుణ లెక్కలో అది అయ్యగారి ప్రార్థన. అలా అయితే తిరుగు ప్రయాణానికి ఏమైందని అడిగితే, ఆ చొక్కా ఉతకాలంటూ లేచి వెళ్లింది.

మెర్సీ ఇంటికొచ్చాక అంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. తను నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మందులివ్వడానికి వెళ్తే వాల్టర్ గారు రోజూ ఆ ట్యూనే విజిల్ వేసేవారట. కార్లో అందుకే అడిగిందట.

"అయినా బావగారూ, ఆయన చర్చికి తీసుకెళ్తానన్నారు గానీ వెనక్కి తీసుకొస్తాననలేదు కదా" అంది.

ఆ కారు ఇన్నేళ్లయినా నా దగ్గరే ఉంది. ఆ నల్ల పెట్టె ఒక్కసారి కూడా మొరాయించలేదు. అయినా తాళం తిప్పేముందు ఇప్పటికీ, థాంక్యూ వాల్టర్ గారూ అంటాను. సుగుణ వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తుంది.