కంచె అవతలి గంగమ్మ

మొన్న ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, మూడో ఆదివారం పొద్దున, తిరువళ్ళూరులో మా వీధి చివర అమ్మవారి గుడి మైకు చెవులకు చిల్లులు పొడుస్తుంటే, పక్కింటి అమ్మాయి ప్లాస్టిక్ చెంబులో అంబలి తెచ్చిచ్చింది. పులిసిన రాగిపిండి, నూకలన్నం, చిన్నుల్లిపాయల ఘాటు కలిసిన ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలిందో లేదో, అరవై దాటిన నేను మోకాళ్ళ నొప్పులతో సహా తిరుత్తణి స్టేషన్లో పాసింజరు కోసం నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను.

అప్పట్లో తిరుత్తణిలో గుడి కొండ మెట్ల దగ్గర మాకు పూజాసామాన్ల అంగడి ఉండేది. ఆడి కృత్తిక పండగ వచ్చిందంటే వీధి నిండా పూల కావళ్ళు, పసుపుబట్టలు, గుండ్ల మీద గంధం, తడిసిన మల్లెపూలు, కర్పూరం పొగ, ఎవరో చిందించిన పంచామృతానికి మూగిన ఈగలు, వీటన్నిటి మధ్య మా నాయన గొంతు పోయేదాకా అరుస్తూ విభూది తూచేవాడు. వెనక గదిలో మా అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని కర్పూరం పొట్లాలు కట్టేది. ఎంత కట్టినా ఆవిడకు ఆ పని పని అనిపించలేదు. అరచేతులు వాసన చూసుకుని, "మడక పట్టిన ఇంటికి తక్కెడ ఇచ్చి పోయినాడు, ఆ యుద్ధం చేసినోడు" అని ఏడాదికి నూరుసార్లైనా అనేది. మడక అంటే నాగలి.

ఆ యుద్ధం రెండో ప్రపంచ యుద్ధం. ఆవడి, పట్టాభిరామ్ దగ్గర అవ్వ కాపురానికి వచ్చిన పల్లె ఉండేది. విజయనగర రాజుల కాలంలో వచ్చి స్థిరపడ్డామని చెప్పుకునే పాతిక ముప్పై తెలుగు ఇళ్ళు, వేరుశనగ చేలు, ఒక మంచినీళ్ళ బావి, ఊరి మొదట్లో ఒక వేపమాను, దాని కింద గంగమ్మ. విగ్రహం కాదు, పసుపు పూసీ పూసీ నున్నబడిన మోకాలెత్తు రాయి. సముద్రాల అవతల ఎవరో ఎవరితోనో కొట్టుకుంటున్నారని సంతకు పోయినవాళ్ళు చెబితే ఊరు ఆశ్చర్యపోయిందే తప్ప భయపడలేదట. తరవాత జపాను వాడు మద్రాసు మీద బాంబులేస్తాడన్నారు. ఆ తరవాత సైన్యానికి సామాన్లు దాచే గోదాములకు ఈ నేలే కావాలన్నారు. కొలతల గొలుసులు వచ్చాయి, లారీలు వచ్చాయి, పెరికిన వేరుశనగ కుప్ప నూర్చకముందే ఊరు ఖాళీ అయింది. ఆరేళ్ళ మా నాయన తలుపుచెక్క మీద కూర్చుని ఎద్దులబండిలో తిరుత్తణి చేరాడు. "కొట్టుకున్నోళ్ళలో మన బాయి నీళ్ళు తాగినోడు ఒక్కడన్నా ఉండాడా?" అని అవ్వ అడిగితే, మా బడిలో చెప్పిన చరిత్ర పాఠంలో దానికి జవాబు నాకెక్కడా దొరకలేదు.

అన్నీ బండెక్కాయి, గంగమ్మ ఒక్కతే ఎక్కలేదు. అమ్మవారి రాయిని కదపాలంటే పువ్వు అడగాలి. రాయి భుజాల మీద రెండు పువ్వులు పెట్టి అడిగితే, కుడి పువ్వు రాలితే వస్తానని, ఎడమది రాలితే రానని. ఊరంతా నిలబడి అడిగితే మూడుసార్లూ ఎడమదే రాలిందట. అలా ఆమెను అక్కడే వదిలి వచ్చారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆడి నెలలో ఒక ఆదివారం మా ఇల్లు అంబలి కుండతో రైలెక్కడం మొదలుపెట్టింది. మొదటి పదేళ్ళూ కంచె దరిదాపులకు రానివ్వక, రైలుపట్టాల పక్కనే మొక్కి తిరిగొచ్చేవారట.

ఆ ప్రయాణం కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. మట్టికుండ మూతికి అరిటాకు కట్టి అవ్వ ఒళ్ళో పెట్టుకునేది. అరక్కోణం దాటేసరికి పులుపు వాసన రైలుపెట్టెంతా వ్యాపించి, పక్కవాళ్ళు కొందరు ముక్కు మూసుకునేవారు, కొందరు గ్లాసు చాపేవారు. మునగాకు పొరటు, ఎండుచేపల పులుసు వేరే గిన్నెలో. పట్టాభిరామ్‌లో దిగి ఎర్రమట్టి దారిన నడిస్తే ముళ్ళకంచె వచ్చేది. కంచె అవతల రేకుల గోదాములు, వాటి వెనక దూరంగా ఒక వేపచెట్టు తల. "అదిగో, అమ్మ" అనేది అవ్వ. కంచె ఇవతలే నేల అలికి, ముగ్గేసి, ఆ చెట్టుకేసి తిరిగి అంబలి పోసి మొక్కేవాళ్ళం. నాయన మొక్కి లేచాక కూడా కంచె పట్టుకుని అలాగే చూస్తుండేవాడు. ఆ మానును ఇద్దరు మగవాళ్ళు చేతులు కలిపి వాటేసుకున్నా అందేది కాదని అవ్వ ప్రతి ఏడూ చెప్పేది, మేం ప్రతి ఏడూ కొత్తగా వినేవాళ్ళం.

నా తొమ్మిదో ఏట ఒక అద్భుతం జరిగింది. బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు వచ్చిన ఆ గోదాముల ఆఫీసరు ఒకాయన మా అంగడిలో కొబ్బరికాయలు కొంటూ అవ్వ కథ విన్నాడు. మంచి మనిషి. ఆ ఆడికి ఒక ముసలామెను, తోడుకు ఒక పిల్లను అరగంట లోపలికి పంపించే ఏర్పాటు చేశాడు. నాయనకు అనుమతి లేదు. గేటు దగ్గర కుండ నా నెత్తికెత్తుతూ, "అమ్మణ్ణీ, నా మారుగా కూడా ఒకసారి రాయిని తాకిరామ్మా" అన్నాడు.

ఒక సిపాయి ముందు, మేమిద్దరం వెనక. గోదాములు దాటాం, తారురోడ్డు దాటాం. చెట్టు దగ్గరికొచ్చేసరికి అవ్వ నడక పరుగైంది. రెండు చేతులూ చాపి మానును వాటేసుకుంది. అటువైపు ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి తాకాయి.

అది మా చెట్టు కాదు. యుద్ధం అయ్యాక ఎప్పుడో మొలిచిన చెట్టు. కింద రాయి లేదు, రాయి ఉన్న గుర్తూ లేదు. సున్నం కొట్టి, నల్లరంగుతో ఏదో నంబరు రాసిన సిమెంటు దిమ్మ మాత్రం ఉంది. ఏళ్ళ తరబడి మేం మొక్కింది దీనికేనా అని నాకు ఏడుపొచ్చింది. అవ్వ చుట్టూ తిరిగి చూసింది, ఆ రేకుల్లో తన ఊరు ఏ మూల ఉండేదో పోల్చుకోలేకపోయింది. కాసేపు నేల మీద కూర్చుంది. తరవాత కొంగుముడి విప్పి, పసుపు తడిపి ఆ దిమ్మకు నిండా పూసింది, కుంకుమ పెట్టింది.

"అవ్వా, ఇది గంగమ్మ కాదే" అన్నాను.

"తెలుసులే. నోరు మూసుకోని మొక్కు. మీ నాయన ఆడ నిలబడుకోనుండాడు."

అంబలి పోశాం. సిపాయి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాయన మారుగా నేను దిమ్మను తాకాను, ఎండకు కాలిపోతోంది.

గేటు బయట నాయన పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఉందా?"

"ఉంది రా. అట్నే ఉంది. రమ్మని పువ్వడిగినా. ఇప్పుడూ రాననింది."

నాయన ఆ మట్టిరోడ్డు మీదే సాష్టాంగపడ్డాడు. లేచినప్పుడు ఆ మొహంలో ఉన్న వెలుగు కోసం నేను ఆ అబద్ధాన్ని జీవితమంతా మోయడానికి ఒప్పుకున్నాను. రైల్లో అవ్వ ఖాళీ కుండను ఒళ్ళో నుంచి దించలేదు.

అవ్వ పోయింది. నాయన చివరి ఆడి దాకా ఆ చెట్టుకే మొక్కి, తృప్తిగా పోయాడు. కంచె పోయి ఎత్తు గోడ వచ్చింది, చెట్టు తల కనబడదు. కొండ కింద అంగడి ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. మట్టికుండ ఎప్పుడో పగిలింది. మా ఊరి పేరు పలికేవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే.

చెంబు చేతిలో ఉండగానే ఫోను మోగింది. మా తమ్ముడి కొడుకు. వాడికి తెలుగు చదవడం రాదు, ఉత్సాహం మాత్రం నాయనదే.

"అత్తా, లోపల పని చేసే ఫ్రెండు ఒకడు దొరికినాడు. పర్మిషన్ వాంగిక్కలామ్, తీసుకోవచ్చు అంటా ఉండాడు. గంగమ్మను తెచ్చి తిరుత్తణిలో చిన్న గుడి కట్టేద్దాం. నువ్వొక్కదానివే గదా కండ్లారా చూసింది? యాడుందో చెప్పు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంబలి ఒక గుక్క తాగి దాన్ని లోపలికి దించేశాను.

"చూసినాను నాయనా" అన్నాను. "అవ్వ పువ్వడిగింది. రాననింది. ఆమెను ఆడనే ఉండనీ. వచ్చే ఆదివారం నువ్వు కుండ కొనుక్కోని రా, నేను అంబలి కాస్తాను. గోడ దగ్గరికి పోదాం."