మళ్ళీగారు

మా మళ్ళీగారు ఎవరు ఏం చెప్పినా ఒక్కసారికి నమ్మరు. "మళ్ళీ చెప్పండి" అంటారు. ఎదుటివాళ్ళు అబద్ధమాడతారని కాదు, మొదటిసారి ఎవరైనా నోటికొచ్చిందే చెబుతారని ఆయన సిద్ధాంతం. ఆయన అసలు పేరు జీతాల పట్టికలో తప్ప ఇంకెక్కడా వినబడదు.

ఆయనా నేనూ పనిచేసేది ప్రభుత్వ కార్మిక పరిశోధన విభాగంలో. జనాన్ని ప్రశ్నలడిగి నివేదిక రాసి పైకి పంపుతాం. అది చూసే పైవాళ్ళు ఎవరికి ఏ పని నేర్పించాలో నిర్ణయిస్తారు. మేం రోజుకు ఇరవై ఇళ్ళు తిరిగితే ఈయన మూడు తిరిగేవారు. టైమెంతని ఆయనడిగితే ఆఫీసులో ఒక్కరూ పలికేవారు కాదు. మూడోసారి చెప్పేలోగా టైము మారిపోతుంది మరి!

వాళ్ళావిడ గోడు వాళ్ళావిడది. "నేనంటే ఇష్టమేనా అని ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారమ్మా. ఇంకోసారి అడిగితే లేదని చెప్పేస్తాను!" అనేది నాతో, ఆయన చొక్కాకు గుండీ కుడుతూ.

ఒకసారి బట్టల ఫ్యాక్టరీలో పాత కుట్టుమిషన్లు తీసేసి కంప్యూటరు మిషన్లు పెట్టారు. యాభై ఐదు దాటినవాళ్ళకు వాటి మీద శిక్షణ ఇవ్వాలా, ఇంటికి పంపెయ్యాలా అన్నది మేం తేల్చాలి. నలభై మందికి నేను పరీక్ష పెట్టాను. ముప్పై ఒక్కరు తప్పారు. "ఈ వయసులో నేర్చుకోలేరు" అని నివేదిక రాసేశాను. సంతకం పెట్టమంటే ఈయన కలం మూసి, "పదమ్మాయ్, మళ్ళీ అడుగుదాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఫ్యాక్టరీలో, అరవైకి దగ్గరపడ్డ ఒక కుట్టుపని ఆవిడ ఎదురుగా ఈయన కూర్చున్నారు.

"పరీక్ష ఎందుకు తప్పారమ్మా?"

"నాకు రాదు బాబూ."

"మళ్ళీ చెప్పండి."

"మాకెందుకు లెండి అవన్నీ."

"మళ్ళీ చెప్పండి."

ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా! తెరమీద అక్షరాలు కనబడితేగా నొక్కడానికి! సంచులు బయట పెట్టి రమ్మన్నారు. నా కళ్ళజోడు అందులోనే ఉండిపోయింది!"

ఎవరైనా కాపీ కొడతారేమోనని ఆ నియమం పెట్టింది సాక్షాత్తు నేనే. కళ్ళజోళ్ళు పెట్టించి మళ్ళీ పరీక్ష జరిపితే ఆ ముప్పై ఒక్కరిలో ఇరవై ఏడుగురు నెగ్గారు. మిగతా నలుగురికీ ఇంకో వారం చాలని ఆయన నివేదికలో రాశారు.

నివేదిక చదివి మా డైరెక్టరుగారు మా ఇద్దరినీ పిలిచారు.

"ఆ సంచుల నియమం ఎవరు పెట్టారు?"

"మా విభాగమేనండీ" అన్నారు మళ్ళీగారు.

"మనిషి పేరు చెప్పండి."

"మా విభాగమేనండీ."

మూడోసారి అడిగినా అదే జవాబు. డైరెక్టరుగారు విసుగెత్తి, నలభై మందికీ శిక్షణ మంజూరు చేస్తూ సంతకం పెట్టారు.

వరండాలోకి రాగానే నాకు సిగ్గుతో తల వాలిపోయింది. "నా పేరు చెప్పేయాల్సింది సార్. అందరి ఉద్యోగాలూ ఊడగొట్టేదాన్ని."

"ఊరుకో అమ్మాయ్. నీకు ఇరవై ఆరేగా!" అన్నారాయన. "ఈ వయసులో నేర్చుకోలేవా ఏమిటి?"