ఒత్తులు లేని పాఠం

పెద్దవాళ్లకు చదువు నేర్పే పుస్తకాల్లో ఏ పాఠం సులువు, ఏది కష్టం అని తేల్చడం నా పని. గీ పనికి జీతం గూడ ఇస్తరా అని మా ఇంట్లోనే ఎకసెక్కం. కరీంనగర్‌లో ఒక గదిలో కూర్చుని నలుగురం ఒత్తులు వెతికేవాళ్లం. ఒత్తు ఉంటే కష్టం, లేకపోతే సులువు. వాక్యం పొడవైతే పక్కన పెట్టేయడమే. ఆ లెక్కన ఒక పాఠం అందరికీ తెగ నచ్చింది. "మామకు జలుబు. మామ మందు తాగాడు. చాప మీద వాలాడు." కాగితం తిప్పితే వెనక ఇంకో రెండు ముక్కలు. వెతికి చచ్చినా ఒక్క ఒత్తు దొరకదు. అన్నిటికన్నా తేలిక ఇదేనని మొదట పెట్టాం.

అచ్చుకు పోయేముందు నిజంగా చదివించి చూడాలి కదా. అందుకని భైంసా దగ్గర ఒక ఊరికి పోయాను. పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లు బడి వరండాలో కూర్చున్నారు. వాళ్లలో ఒకామె ఇన్నాళ్లూ పెదవులు కదపడమే తప్ప గొంతు విప్పింది లేదట. ఇవాళ కూడా చదవలేకపోతే ఇక రానని, ఈ వయసులో నవ్వులపాలు కావడం తనవల్ల కాదని తెగేసి చెప్పిందని అక్కడ పాఠం చెప్పే అమ్మాయి నా చెవిలో వేసింది. ఇలాంటివాళ్ల కోసమే కదా సులువు పాఠం! కాగితం ఆమె చేతికే ఇచ్చాను.

వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదివింది. "మామకు జలుబు." పక్కనున్నామె వీపు తట్టింది. ఈమె సిగ్గుగా నవ్వింది.

"మామ మందు తాగాడు."

ఆగిపోయింది. వరండా అంతా ఆగిపోయింది.

ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా అంది, "మందు తాగిండా."

అప్పుడు తగిలింది నాకు. పత్తి పండే ఊళ్లలో మందు తాగిండంటే జలుబుకు కాదు, పురుగుల మందు. ఈ గడ్డ మీద పుట్టి, ఆ మాట వింటూ పెరిగిన నలుగురం ఆ గదిలో కూర్చుని చేసిన ఘనకార్యం ఇది. మా తలకాయల్లో ఏముందో దేవుడికే తెలియాలి. పాఠం చెప్పే అమ్మాయి నా పక్కకు జరిగింది. కిందటి పంటకే ఈ చదివే ఆమె పెనిమిటి అట్లనే పోయిండని గొణిగింది.

కాగితం తీసుకోబోయాను. ఆమె వదల్లేదు.

"జర ఉండుండ్రి మేడం. ఇంక ఉన్నది గద. సదవనియ్యుండ్రి."

చాప మీద వాలాడు అన్న ముక్క దగ్గర రెండుసార్లు ఆగింది. అయినా చదివింది. కాగితం తిప్పింది.

"ఉదయం మామ లేచాడు. పొలానికి పోయాడు."

ఆమె వేలు వెనక్కి వచ్చి "లేచాడు" మీద ఆగింది. లే, చా, డు అని ఒక్కో అక్షరమే తడుముకుంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"నేను సక్కగనే సదివిన్నా మేడం? లేచిండనే ఉన్నదా?"

అట్లనే ఉందక్కా అన్నాను.

ఆమె ఆ ఒక్క మాటే మళ్లీ చదివింది, ఈసారి గట్టిగా.